150 బొమ్మలున్నాయి, సిరీస్‌లుగా ఎలా విడగొట్టాలి?

ప్రశ్న అడిగినవారు రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారు. పదిహేనేళ్లుగా వేసినవి దాదాపు 150 బొమ్మలు ఇంట్లో ఉన్నాయట. గోదావరి రేవులు, పాత పెంకుటిళ్లు, ముసలివాళ్ల ముఖాలు, కొన్ని యాబ్‌స్ట్రాక్టులు, లాక్‌డౌన్‌లో కాఫీ డికాషన్‌తో వేసినవి కొన్ని. ఒక వెబ్‌సైట్ పెట్టుకోవాలని, వీలైతే వచ్చే ఏడాది హైదరాబాద్‌లో సోలో షో చేయాలని ఆలోచన. ఎవరికి చూపించినా "సిరీస్‌లుగా పెట్టండి మాస్టారూ" అంటున్నారట. వస్తువును (ఏం వేశారన్నదాన్ని) బట్టి విడగొట్టాలా, మీడియాన్ని (దేనితో, దేని మీద వేశారన్నదాన్ని) బట్టా, ఏళ్లను బట్టా? ఎందులోనూ ఇమడని వాటిని ఏం చేయాలి? ఇకమీదట సిరీస్‌గా మాత్రమే వేయాలా? ఇవీ మీ ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీకు మూడు నుంచి ఐదు సిరీస్‌లు చాలు. వస్తువు, మీడియం, సంవత్సరం, ఈ మూడింటిలో దేన్నీ మొదటి ఆధారంగా తీసుకోకండి. ఆ బొమ్మ వేస్తున్నప్పుడు మీరు దేనితో కుస్తీ పడుతున్నారో దాన్ని బట్టి విడగొట్టండి. 150లో ఏ 60, 70 బొమ్మలో సిరీస్‌లలోకి వస్తాయి. మిగతావి బయటే ఉంటాయి, ఉండనివ్వండి. ఇక సిరీస్‌గా మాత్రమే వేయాలన్న నియమం మాత్రం పెట్టుకోకండి.

నేను బొమ్మలు వేస్తాను. దాంతోపాటు చాలా ఏళ్లుగా తోటి ఆర్టిస్టుల షోలకు బొమ్మలు ఏరిపెట్టడం, గోడల మీద అమర్చడం, క్యాటలాగ్‌కు నాలుగు మాటలు రాసిపెట్టడం కూడా చేస్తున్నాను. కింద చెప్పేవన్నీ ఆ పనిలో చూసినవే.

వస్తువు ఎందుకు చాలదంటే

ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గడ్డివాముల బొమ్మలు మీ క్లాసులో పిల్లలకు చూపించే ఉంటారు. 1890, 91లలో తన ఇంటి దగ్గరి పొలంలో గడ్డివాముల్నే మళ్లీ మళ్లీ వేశాడు. వాటిలో 15 బొమ్మల్ని 1891 మేలో పారిస్‌లో డ్యురాన్-రుయెల్ గ్యాలరీలో కలిపి చూపించాడు. అవి సిరీస్ అయ్యింది అన్నిట్లోనూ గడ్డి ఉన్నందువల్ల కాదు. వస్తువును కదలకుండా పెడితేనే వెలుతురు మారడం కనిపిస్తుంది. అక్కడ అసలు విషయం వెలుతురు, గడ్డివాము దాన్ని కొలిచే కర్ర లాంటిది.

మీ గోదావరి బొమ్మల్ని ఈ కంటితో ఒకసారి చూడండి. పొద్దున్నే మంచులో అవతలి ఒడ్డు కనపడకుండా పోయేవి కొన్ని ఉంటాయి. రేవు మెట్ల మీద జనం గుంపు, ఆ తడి బట్టల రంగులు మీకు ముఖ్యమైనవి కొన్ని ఉంటాయి. ఇంకొన్నిట్లో పడవ ఆకారమే ముఖ్యం, ఏరు కేవలం నేపథ్యం. ఈ మూడూ కలిపి "గోదావరి" అని ఒకే పేజీలో పెడితే చూసేవాళ్లకు ఏరు కనిపిస్తుంది గానీ మీరు కనపడరు. గోదావరిని వేసినవాళ్లు మీ ఊళ్లోనే బోలెడుమంది ఉన్నారు కదా.

దీనికి తిరగేసిన కేసు ఒకటి చెబుతాను. నాకు తెలిసిన ఒకావిడ, బ్యాంకు ఉద్యోగం చేస్తూ వాటర్‌కలర్స్ వేసేది. "నాకు సిరీస్ అంటూ లేదండీ, ఏది కనిపిస్తే అది వేస్తా" అనేది. స్టాండు వేసిన సైకిళ్లు, స్కూలు వరండా, ఖాళీ బస్టాపు, కోనేటి మెట్లు, మూసేసిన టీ బడ్డీ. వస్తువుల ప్రకారం చూస్తే ఒకదానికొకటి చుట్టరికమే లేదు. అన్నిటి ప్రింట్లూ నేల మీద పరిచాక తెలిసింది, దాదాపు ముప్ఫై బొమ్మల్లో మనిషి లేడు, నీడలు మాత్రం పొట్టిగా, నల్లగా ఉన్నాయి. అన్నీ మిట్టమధ్యాహ్నం వేసినవే, జనం భోజనాలకు వెళ్లిన వేళ. ఆవిడకు స్కెచ్ చేసుకోవడానికి దొరికేది లంచ్ టైమే మరి! ఆ ముప్ఫైలో 16 తీసి షో పెట్టింది. వచ్చినవాళ్లు ఆ ఎండ గురించే మాట్లాడుకున్నారు.

మీడియం గురించి

"వాటర్‌కలర్స్", "యాక్రిలిక్స్", "డ్రాయింగ్స్" అని విడగొట్టడం తేలిక. చీరల కొట్టులో పట్టు ఒక అరలో, నూలు ఒక అరలో పెట్టినట్టు ఉంటుంది. కొనేవాళ్లకు కొంత ఉపయోగమే గానీ మీ పని గురించి ఏమీ చెప్పదు. మన తెలుగు చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారిని తీసుకోండి. ఎచింగ్ (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తేల్చి అచ్చు తీయడం) చేసినా, కాగితం మీద గీసినా, టెర్రకోటాలో చేసినా అదే పల్లె మనుషులు, అవే మేకలు, అదే గీత. మీడియాన్ని బట్టి ముక్కలు చేస్తే ఆ ప్రపంచం చెదిరిపోతుంది.

కానీ మీడియమే విషయమైన సందర్భాలూ ఉన్నాయి. బెంగాలీ కళాకారుడు సోమనాథ్ హోర్ 1970ల్లో చేసిన 'గాయాలు' సిరీస్ అలాంటిది. మెత్తటి పలకను కత్తితో కోసి, కాల్చి, దాని నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు పోసి చేసిన తెల్లటి ప్రింట్లవి. తెలుపు మీద తెలుపు, అక్కడక్కడా ఎర్రగా ఒక చీలిక. అక్కడ కాగితమే చర్మం. గాయాన్ని బొమ్మగా గీయలేదు, కాగితానికే చేశాడు. దాన్ని కాన్వాస్ మీద ఆయిల్‌లో వేస్తే ఆ సిరీస్ ఉండదు.

కాబట్టి మీ డికాషన్ బొమ్మల్ని ఈ ప్రశ్న అడగండి: వీటిని మామూలు సెపియా (ముదురు గోధుమ) రంగుతో వేసి ఉంటే ఏమైనా పోయేదా? ఏమీ పోదనిపిస్తే అవి సిరీస్ కాదు, రంగులు దొరకని రోజుల్లో చేతికి దొరికినదానితో వేసినవి. వాటిలోని ముఖాలను ముఖాల్లోకి, ఇళ్లను ఇళ్లలోకి పంపేయండి. పోతుందనిపిస్తే, అంటే ఆ మరకలు, ఆ అంచులు కట్టడమే మీరు ఆడుకున్న ఆటయితే, అప్పుడది సిరీసే.

ఏళ్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సంవత్సరం ప్రతి బొమ్మ కిందా ఉండాలి, పేజీ పేరుగా అక్కర్లేదు. పికాసో 'నీలి దశ' 1901 నుంచి 1904 దాకా అంటారు, అది తర్వాతివాళ్లు వెనక్కి తిరిగి చూసి పెట్టిన లెక్క. దశలు రాసే పని విమర్శకులది, వాళ్లకే వదిలేయండి.

ఎలా మొదలుపెట్టాలి

అన్ని బొమ్మల్నీ ఫోన్‌తో ఫొటో తీసి, పోస్టుకార్డులో సగం సైజులో మామూలు కలర్ ప్రింట్లు తీయించండి. కంప్యూటర్ తెర మీద ఈ పని సరిగ్గా జరగదు. తెర మీద ఒకసారికి ఇరవై కనపడతాయి, నేల మీద 150 కనపడతాయి. ప్రింట్లన్నీ ఒకే సైజులో ఉండాలి. పెద్ద కాన్వాసు అన్న గౌరవం, చిన్న కాగితం అన్న చులకన రెండూ అక్కడ పోతాయి.

పరిచాక పేర్లు పెట్టకుండా పక్కపక్కన చేర్చుకుంటూ పోండి. ఎందుకు చేర్చానో చెప్పలేకపోయినా ఫర్వాలేదు. రెండు మూడు రోజులు అలాగే వదిలేసి, వస్తూ పోతూ మార్చండి. ఇంట్లోవాళ్లు తొక్కుతారనుకుంటే మంచం కింద నుంచి ఒక పాత ప్లైవుడ్ షీటు తీయండి, దాని మీద పరచండి. బొమ్మలు వేయని మనిషిని ఒకరిని పిలిచి "వీటిలో ఏవి కలిసి ఉన్నాయనిపిస్తోంది?" అని అడగండి. తోటి ఆర్టిస్టును అడిగితే టెక్నిక్ గురించి మాట్లాడతాడు. మీ పక్కింటాయన "ఈ నాలుగూ చూస్తే దిగులేస్తోంది" అంటాడు. మీకు కావలసింది ఆ రెండో మాటే.

గుంపులు తేలాక ఒక్కోదానికీ నేను పెట్టే పరీక్షలు ఇవి.

ఈ గుంపులో తర్వాతి బొమ్మ ఎలా ఉండాలో మీకు తెలుసా? నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. "ఇంకా రాత్రిపూట వెయ్యలేదు", "ఇంత ఖాళీ వదిలాను, ఇంకా ఎంత వదలొచ్చో చూడాలి" అని వెంటనే తడితే ఆ సిరీస్‌కు ప్రాణం ఉంది. "ఇంకో పడవ వేస్తా" అన్నది తప్ప ఏమీ తోచకపోతే అది సిరీస్ కాదు, ఒక రకం బొమ్మల కట్ట.

ఒక బొమ్మ తీసేస్తే లోటు తెలుస్తుందా? తెలియకపోతే అది ఇంకో బొమ్మకు నకలు. రెండిట్లో మంచిది ఉంచండి. రేవుల బొమ్మలు పాతిక ఉన్నాయంటే పన్నెండు దగ్గర ఆగుతారు, అనుమానం లేదు.

ఎన్ని ఉంటే సిరీస్ అనాలి అని కూడా చాలామంది అడుగుతారు. రెండుంటే జంట. మూడు నాలుగుంటే మొదలైందని అర్థం. ఆరేడు దాటితేనే నేను ఆ పేరుతో వెబ్‌సైట్‌లో పేజీ పెట్టమంటాను. పైకి హద్దు లేదు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ చతురస్రంలో చతురస్రం పెట్టి 1950లో మొదలుపెట్టిన సిరీస్‌ను 1976లో చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు, వెయ్యికి పైనే. ఎప్పుడూ అవే చతురస్రాలు, మారేది పక్కపక్కన పడ్డ రంగులు. బోర్డు వెనక ఏ కంపెనీ ఏ రంగు వాడాడో రాసిపెట్టేవాడు. సిరీస్ సంగతి ఎలా ఉన్నా ఈ అలవాటు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. ప్రతి బొమ్మ వెనకా పెన్సిల్‌తో పేరు, సంవత్సరం, సైజు, ఒక నంబరు. "గో-2019-07" అంటే గోదావరి, 2019, ఏడోది. అదే నంబరు ఒక ఎక్సెల్ షీటులో. సిరీస్‌లు రేపు మారొచ్చు, నంబరు మారకూడదు.

ముందే అనుకుని వేసేవి వేరు

ఇప్పటిదాకా చెప్పింది వేసేశాక కనిపెట్టే సిరీస్ గురించి. మొదటి బొమ్మకు ముందే మొత్తం అనుకుని వేసేది ఇంకొకటి ఉంది. అమెరికాలో చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1940, 41లలో నల్లజాతివారి వలసల మీద 60 పలకల సిరీస్ వేశాడు. ఒక్కో పలకను పూర్తి చేసి ఇంకోటి ఎత్తుకోలేదు. అరవైటినీ ఒకేసారి ముందు పెట్టుకుని, ఒక రంగు కలిపి అన్నిట్లోనూ ఆ రంగు పడాల్సిన చోట్లన్నీ వేసి, తర్వాత ఇంకో రంగు కలిపాడు. అందుకే మొదటి పలకలోని నీలం, చివరి పలకలోని నీలం ఒకటే. కథ చెప్పే సిరీస్ వేయాలని ఎప్పుడైనా అనిపిస్తే ఈ పద్ధతి పట్టుకోండి.

మనవాళ్లలో బరోడా చిత్రకారుడు భూపేన్ ఖక్కర్ 1970ల మొదట్లో చిన్న చిన్న వృత్తులవాళ్లను వేశాడు. వాచీలు బాగుచేసే కొట్టు, దర్జీ, మంగలి షాపు. ఒక్కో బొమ్మ విడిగా నిలబడుతుంది, పక్కపక్కన పెడితే ఒక ఊరి వీధి అవుతుంది. మీ పెంకుటిళ్ల బొమ్మలకు ఈ దారి పనికొస్తుందని నా ఊహ. ఇంటికి బదులు ఆ ఇంట్లో ఎవరున్నారన్నది మీకు ముఖ్యమైతే, మీ ముసలివాళ్ల ముఖాలు, పెంకుటిళ్లు రెండూ కలిపి ఒకే సిరీస్ కావచ్చు. బొమ్మలు చూడకుండా అంతకన్నా చెప్పలేను.

ఇమడనివి

వీటి గురించే జనం ఎక్కువ టెన్షన్ పడతారు. ఇమడని మంచి బొమ్మను బలవంతంగా ఏదో గుంపులో తోస్తే ఆ గుంపు చెడుతుంది, బొమ్మా చెడుతుంది. వెబ్‌సైట్‌లో "విడి బొమ్మలు" అని ఒక పేజీ పెట్టండి, అందులో పదో పన్నెండో బాగున్నవి ఉంచండి. "ఇతరములు" అని మాత్రం పెట్టకండి, గవర్నమెంట్ ఫారంలా ఉంటుంది.

ఆర్డర్ మీద వేసిన బొమ్మలు, అంటే ఎవరో అడిగితే వేసిన వాళ్ల నాన్నగారి చిత్రం, హోటల్ రిసెప్షన్‌కు వేసిన వెంకటేశ్వరస్వామి, వీటిని సిరీస్‌ల పక్కన పెట్టకండి. వేరే పేజీ ఇవ్వండి. అవి డబ్బు తెచ్చేవి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కానీ గ్యాలరీవాళ్లు చూసే దారి, ఆర్డర్ ఇచ్చేవాళ్లు చూసే దారి వేరువేరుగా ఉంటే ఇద్దరికీ సుఖం.

ఒకే బొమ్మ రెండు సిరీస్‌లలో పడుతుంటే? వెబ్‌సైట్‌లో రెండు చోట్లా కనపడొచ్చు. క్యాటలాగ్‌లో, ఆ వెనక నంబరులో మాత్రం ఒకే చోట ఉండాలి. లేదంటే అమ్ముడైన బొమ్మను ఇంకోచోట అమ్మకానికి పెట్టి తిప్పలు పడతారు.

పేర్లు

"ప్రకృతి", "అన్వేషణ", "స్త్రీ", "జీవనయానం". దయచేసి వద్దు. ఏ షోకైనా అతికే పేరు మీ షోకు ఏమీ చేయదు. మీ బొమ్మల్లో నిజంగా ఉన్న వస్తువో, వేళో, చోటో తీసుకోండి. మంచులో కనపడని ఒడ్డును వేసినవాటికి "అవతలి ఒడ్డు" చాలు. పేరు చివర పెట్టండి, గుంపు కుదిరాక. ముందే పేరు పెట్టుకుంటే ఆ పేరుకు తగ్గ బొమ్మలు వేయడం మొదలవుతుంది, అది చాలా మందిలో చూశాను.

పేరులో అంకె పెట్టేటప్పుడు కాస్త ఆలోచించండి. జపాన్ చిత్రకారుడు హొకుసాయి 'ఫుజి పర్వతం 36 దృశ్యాలు' బాగా అమ్ముడుపోవడంతో ఇంకో 10 కలిపారు. పేరు 36 దగ్గరే ఉండిపోయింది, ప్రింట్లు 46. ఆయనకు చెల్లింది, మనకు ప్రతిసారీ ఎవరో ఒకరు లెక్క అడుగుతారు.

ప్రతి సిరీస్‌కూ ఒక చిన్న పేరా రాయండి, ఎనభై తొంభై మాటలకు మించకుండా. ఎక్కడ, ఎప్పుడు, దేనితో వేశారు, వేస్తూ ఏం వెతికారు. "నా అంతరంగ భావాల ఆవిష్కరణ" లాంటి వాక్యం కనిపిస్తే కొట్టేయండి.

అమ్మకాలు, షో

సిరీస్ అన్నాక విడగొట్టి అమ్మాలా, కలిపి ఉంచాలా అన్న చిక్కు వస్తుంది. మోనే రూవాఁ చర్చి బొమ్మలు 20 కలిపి 1895లో చూపించినప్పుడు, వీటిని చెదరనివ్వొద్దు, మొత్తం ప్రభుత్వమే కొనాలని ఫ్రెంచ్ రాజకీయ నాయకుడు క్లెమెన్సో పత్రికలో రాశాడు. ప్రభుత్వం మొత్తంగా కొనలేదు, అవి విడివిడిగా దేశదేశాలకు పోయాయి. లారెన్స్ అరవై పలకలు కాస్త నయం. సరిసంఖ్యవి న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమాకు, బేసిసంఖ్యవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియానికి వెళ్లాయి.

మనలాంటివాళ్లం మొత్తం కొనే మనిషి కోసం కూర్చోలేం. నా సలహా: విడిగా అమ్మండి. కానీ అమ్మే ముందు ప్రతి బొమ్మనూ మంచి రిజల్యూషన్‌లో ఫొటో తీయించండి, కొన్నవారి వివరాలు షీటులో రాసుకోండి, రేపు షోకు కావాలంటే అరువిస్తారా అని బిల్లు ఇచ్చేటప్పుడే అడిగి ఉంచండి. ఒక సిరీస్‌లో మీకు దారి చూపించిన బొమ్మ ఒకటి ఉంటుంది, సాధారణంగా మొదటి మూడిట్లో. దాన్ని మాత్రం అమ్మకండి. రెండు మూడు పలకలు కలిసి ఒకే బొమ్మ అయితే "విడిగా అమ్మబడవు" అని లేబుల్ మీదే రాయండి. ఒకే సిరీస్‌లో ఒకే సైజు బొమ్మలకు ఒకే ధర ఉండాలి. మీకు ఇష్టమైనదానికి ఎక్కువ వేస్తే, తక్కువ ధరవి మీకే నచ్చలేదని కొనేవాడు అనుకుంటాడు.

షోకు ఒకే సిరీస్ తీసుకెళ్లండి, మహా అయితే రెండు. లెక్క తేలికే. గ్యాలరీలో వంద అడుగుల గోడ ఉందనుకుందాం. మూడడుగుల వెడల్పు బొమ్మలు, మధ్య రెండేసి అడుగులు వదిలితే 20 పడతాయి. మీ దగ్గర 150 ఉన్నాయని 50 పట్టుకెళ్తే రెండు వరసల్లో వేలాడదీయాలి, అప్పుడది ఎగ్జిబిషన్ మైదానంలో స్టాల్ అవుతుంది. గ్యాలరీ మాట్లాడుకునే ముందే గోడ కొలతలు అడగండి.

ఇకమీదట సిరీస్‌గానే వేయాలా?

అక్కర్లేదు. చిత్రకారులు తోట వైకుంఠం గారు దశాబ్దాలుగా తెలంగాణ ఆడవాళ్లను, మగవాళ్లను, ఆ బొట్టు, ఆ చీర రంగుల్ని వేస్తూనే ఉన్నారు. అది ఆయన లోకం, సిరీస్ అని విడిగా పేరు పెట్టే పని లేదు. హైదరాబాద్ చిత్రకారులు సూర్యప్రకాష్ గారు ఒకప్పుడు తుక్కు కార్ల యార్డులు వేశారు, తర్వాత చెట్లు, ఆకులు, నీళ్ల వైపు వెళ్లిపోయారు. రెండూ సరైన దారులే.

ఇందులో ప్రమాదం వేరేచోట ఉంది. నాకు తెలిసిన ఒకతను ఎద్దుల సిరీస్ వేశాడు, బాగా అమ్ముడైంది. ఒక గ్యాలరీ ఏటా అవే అడిగింది. అయిదారేళ్లకు అతని ఎద్దుల్లో బరువు పోయి కొమ్ములు మాత్రం మిగిలాయి. చేతికి అలవాటైపోయి, కన్ను చూడడం మానేసింది. మధ్యలో వేరే ఏదైనా వేద్దామంటే "మీ మార్కెట్ ఎద్దులే కదా" అన్నారట. సిరీస్ ఆపేయడానికి మీ దగ్గర ఒక కారణం ఉండక్కర్లేదు. పైన చెప్పిన మొదటి పరీక్షకు జవాబు దొరకని రోజున ఆపేయండి. మూడేళ్ల తర్వాత మళ్లీ ఏదైనా తడితే తెరవండి, పేరు పక్కన "2016–19, 2023 నుంచి" అని రాసుకోవచ్చు. ఎడిషన్ వేసిన ప్రింట్లకు, అంటే ఇన్ని కాపీలే అని ముందే చెప్పి తీసినవాటికి మాత్రం ఇది కుదరదు. 25 కాపీలని నంబర్లు వేశాక ఇరవయ్యారోది తీయడం కొన్నవాళ్లను మోసం చేయడమే.

చివరగా, మీ డికాషన్ బొమ్మల గురించి అడగకపోయినా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కాఫీ రంగు వెలుతురుకు ఆగేది కాదు, ఎండ పడే గోడ మీద అయితే మరీ. వాటిని షోకు పెట్టాలనుకుంటే ముందే స్కాన్ చేయించండి, యూవీ గ్లాసు (రంగు వెలిసిపోయేలా చేసే కిరణాలను ఆపే అద్దం) ఫ్రేము వేయించండి, లేబుల్ మీద "కాగితంపై కాఫీ" అని స్పష్టంగా రాయండి, కొనేవారికి కిటికీ ఎదురుగా పెట్టొద్దని నోటితో కూడా చెప్పండి.